ఓడినవాళ్లే చెప్పాలి

"కుట్టుమిషన్ క్లాసు పక్క రూముల మేడం. గిది చదరంగం ఆడేటోళ్లది."

ప్రమీలారాణితో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట ఇదీ. ఇంతకంటే బుద్ధిగల మాట దొరకలేదా అంటే, ఆ క్షణాన దొరకలేదు. 1988 వానాకాలం. ఇల్లందు వర్కర్స్ క్లబ్బులో ఆదివారం పూట ఒక అమ్మాయి గొడుగు విదిలించుకుంటూ లోపలికొస్తే, కుట్టుమిషన్ కోసం కాక ఇంకెందుకొస్తుంది చెప్పండి! అప్పటిదాకా ఆ గది గడప తొక్కిన ఆడవాళ్లంతా మొగుళ్లను తిట్టి ఇంటికి తీసుకుపోవడానికి వచ్చినవాళ్లే.

ఈమె గొడుగు మూసి గోడకు ఆనించి నా వైపు చూసింది.

"నేను చదరంగానికే వచ్చానండీ. మీరే కుట్టుమిషన్ దగ్గర నుంచి దారి తప్పి ఇటొచ్చారా?"

పక్క బల్ల దగ్గర క్యారమ్స్ ఆడేవాళ్లు ఆట ఆపి మరీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది బిక్షపతి కాకా. ఆయన గనిలో పని చేసి రిటైరైన మనిషి. చదరంగం ఆడడు. పక్కన నిలబడి ఆడేవాళ్లకు సలహాలిస్తాడు. ఎవరూ అడగకపోయినా ఇస్తాడు.

"కూసో బిడ్డా, కూసో. వీడు సదానందం. మా క్లబ్బు చాంపియన్. జర వీని సంగతి చూడు."

ఆమె నా సంగతి చూసింది. చక్కగా చూసింది. మధ్యలో ఒకసారి ఒరిగిన గుర్రాన్ని సర్దబోతే నేను ఊరుకోలేదు.

"ముట్టుకున్నరు. గదే ఆడాలె."

"సర్దుతున్నానండీ!"

"ముట్టుకుంటే ఆడాలె. క్లబ్బు రూల్."

ఆమె ముక్కుపుటాలు అదిరాయి. ఆ గుర్రాన్నే తీసి ఎక్కడో పెట్టింది. కాసేపటికి అదే గుర్రం నా రాజు మెడ మీద కూర్చుంది. ఆట కట్టు. గొడుగు తీసుకుని "వచ్చే ఆదివారం వస్తానండీ, చాంపియన్ గారూ" అని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చే ఆదివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా ఎదురు చూశాను.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నేను గని ల్యాంప్‌రూమ్‌లో క్లర్కుని. షిఫ్టుకు దిగేవాళ్లకు తల లైట్లిచ్చి, పైకొచ్చాక తీసుకుని చార్జింగ్ పెట్టించడం నా పని. మా నాయిన మంగయ్య అదే గనిలో బొగ్గు కొట్టి నన్ను డిగ్రీ దాకా చదివించాడు. ప్రమీల బ్యాంకులో క్లర్కు. రోజూ కారేపల్లి నుంచి బస్సులో వచ్చి పోయేది. వాళ్లు ఆమె పుట్టకముందే కోస్తా నుంచి వచ్చి, కారేపల్లిలో భూములు కొని మిర్చి, పత్తి వేసుకుంటున్న రైతులు. ఆమెకు చదరంగం నేర్పింది వాళ్ల నాన్న వెంకటరామారావు గారే. ఆయన ఆటలో పులి, కోపంలో అంతకంటే పెద్ద పులి అని ఆమే చెప్పింది.

అలా ఏడాది గడిచింది. ఒక ఆదివారం ఆమె గెలిచేది, ఒక ఆదివారం నేను. ఎవరు గెలిచినా ఓడినవాళ్లు ఛాయ్ తాగించాలి. 'అండీ'లు తగ్గాయి. 'మేడం' పోయింది. మాటల్లో మాట, నవ్వులో నవ్వు కలిసిపోయాయి.

"నువ్వు 'గుర్రం పోతది' అంటే, అది నిజంగా లేచి ఏ వరంగల్లో పోతుందేమో అనిపిస్తుంది" అనేది.

"నువ్వు 'ఆడండీ' అంటే, నాకు బ్యాంకుల లైన్ల నిలబడ్డట్టు అనిపిస్తది" అనేవాణ్ని.

ఆమె ఆలోచిస్తున్నప్పుడు జడ కొస పట్టుకుని వేలికి చుట్టుకుంటుంది. నేను నా ఎత్తు చూసుకోవడం మానేసి ఆ వేలినే చూసేవాణ్ని. అలా ఎన్ని ఏనుగులు పోగొట్టుకున్నానో! ప్రేమ అని నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. కులం ఒకటి కాదు, ఆస్తి ఒకటి కాదు, ఆఖరికి యాస కూడా ఒకటి కాదు. నోరు విప్పితే ఆదివారాలు కూడా పోతాయేమోనని నా భయం.

రెండో వానాకాలంలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, షిఫ్టు దిగి ఇంటికి పోతుంటే బ్యాంకు ముందు ప్రమీల నా సైకిల్‌కు అడ్డం వచ్చింది.

"వచ్చే గురువారం నన్ను చూసుకోవడానికి వస్తున్నారు."

సైకిల్ దిగాను. "ఎవరు?"

"సత్తుపల్లి వాళ్లు. అబ్బాయి ఇంజనీరు. నాన్న రమ్మని మాటిచ్చేశాడు."

"చదరంగం ఆడతడా?"

"పేకాట ఆడతాడట."

ఇద్దరం నవ్వలేదు. సన్నగా తుంపర మొదలైంది. ఆమె గొడుగు విప్పలేదు.

"సదానందం, నీకు నాతో చెప్పాల్సిందేమీ లేదా?"

"ఉన్నది."

"ఎప్పుడు చెప్తావు? నేను సత్తుపల్లి వెళ్లాకా?"

"నువ్వంటే నాకు ప్రాణం ప్రమీలా" అన్నాను. సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, నడిరోడ్డు మీద, బ్యాంకు ప్యూన్ బద్యా చూస్తుండగానే అనేశాను. "నిన్ను తప్ప ఎవలను చేసుకోను. నువ్వు ఒప్పుకుంటేనే."

ఆమె కళ్లు తుడుచుకుంది. తుంపరో ఏడుపో అడిగే ధైర్యం నాకు లేదు.

"ఏడాది పట్టిందా ఈ మాటకు! ఒప్పుకోకపోతే రోడ్డు మీద నీ సైకిల్‌కు అడ్డం వస్తానా, మొద్దూ?"

ఆ పూట నేను గాల్లో తేలిపోవాల్సింది. కానీ ఆమె వెంటనే అసలు విషయానికి వచ్చింది.

"గురువారంలోగా మా నాన్నకు చెప్పాలి. నేను చెప్తా."

"నువ్వెందుకు? నేను జెప్త."

"నిన్ను గుమ్మం దగ్గరే తంతాడు."

"నిన్ను బ్యాంకు మాన్పిచ్చి ఇంట్ల కూసోవెడతడు."

"నేను చెప్తానన్నానా!"

"నేను జెప్త అంటున్న గదా!"

బద్యా మెట్ల మీద నుంచి అడిగాడు, "పంచాయితీ ఏంది మేడం, పెద్దసారును పిలవాల్నా?"

ప్రమీల అతన్ని లోపలికి పంపేసి నా వైపు తిరిగింది.

"సరే. ఆదివారం ఒక ఆట. ఓడినవాళ్లు మా నాన్నకు చెప్పాలి, ఒంటరిగా. మధ్యలో చేతులెత్తేయడం లేదు. ఆఖరి ఎత్తు దాకా ఆడాలి. సరేనా?"

"సరే."

ఇంటికెళ్లే దారంతా అదే ఆలోచన. నేను గెలిస్తే పాపం ఆ పిల్ల ఒక్కతే ఆ పులి ముందు నిలబడాలి. ఉద్యోగం పోతుంది, బయటికి రానివ్వరు, గురువారం పీటల మీద కూర్చోబెట్టినంత పని చేస్తారు. నాకైతే ఏముంది, నాలుగు తన్నులు తగులుతాయి. అంతకంటే ఏం చేస్తాడు? ఓడిపోవాలి, ఎలాగైనా ఓడిపోవాలి అని గట్టిగా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నుంచే వాన. క్లబ్బు రేకుల మీద దబదబా పడుతోంది. బిక్షపతి కాకా మా బల్ల పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నేను తెల్లవి. కాసేపు మర్యాదగా ఆడి, నా మంత్రిని తీసుకెళ్లి ఆమె బంటు కొట్టే గడిలో పెట్టాను. ఒక్క బంటుతో నా మంత్రి పోతుంది.

కాకా నెత్తి పట్టుకున్నాడు. "అరె సదానందం! మంత్రి పోతది చూస్కోరా!"

"సూడలే కాకా. ముట్టుకున్న గదా, ఇగ అయిపోయింది."

ప్రమీల బల్ల వైపు చూసింది. జడ కొస వేలికి చుట్టుకుంది. మంత్రిని వదిలేసి ఎక్కడో మూలన ఉన్న బంటును జరిపింది.

"ఏంది బిడ్డా! చేతిల వెట్టిండు గదా, తీస్కో!"

"చూడలేదు కాకా."

చూడలేదట! చీమంత బంటును కూడా వదలని మనిషి. నాకు అర్థం కాలేదు. తర్వాతి ఎత్తులో ఆమె ఏనుగు వచ్చి నా శకటు దారిలో, ఏ అండా లేకుండా నిలబడింది. తీసుకుంటే నాకు పండగ. నేను తీసుకోలేదు. ఆమె నావైపు ఉరిమి చూసింది.

"ఎందుకు తీసుకోలేదు?"

"నువ్వెందుకు తీస్కోలే?"

"ఆడితే సరిగ్గా ఆడు సదానందం."

"నువ్వు ఆడు ముందుగాల."

క్యారమ్స్ వాళ్లు లేచి మా చుట్టూ చేరారు. వీళ్లకు ఏమైందని ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటున్నారు. నేను గుర్రం ఇస్తే ఆమె వద్దంటుంది. ఆమె ఏనుగు ఇస్తే నేను వద్దంటాను. కాకాకు ఊపిరాడటం లేదు. అప్పుడు తట్టింది నాకు. ఈ పిల్ల కూడా ఓడిపోవడానికే ఆడుతోంది! ఆ క్షణాన బల్ల దాటి ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. కానీ ఇంతమంది ముందు అదెలా కుదురుతుంది? పైగా నేను ముందు ఓడిపోవాలి.

నేను దారి మార్చాను. తీసుకోక తప్పని చోట ఇస్తే ఏం చేస్తుంది? నా మంత్రిని నేరుగా ఆమె రాజు పక్కన పెట్టి "చెక్" అన్నాను. పక్కకు జరగడానికి ఆమె ఏనుగే అడ్డం. ఇంకో దారి లేదు. రాజుతో నా మంత్రిని కొట్టాల్సిందే. ప్రమీల పళ్లు కొరుక్కుంటూ కొట్టింది.

అలాగే నా ఏనుగుల్ని వదిలించుకున్నాను. గుర్రాల్నీ అంతే. ఆమె కూడా తక్కువది కాదు, తీసుకోక తప్పని చోట్ల తనవీ నాకు అంటగట్టింది. ఆఖరికి నా వైపు రాజు ఒక్కడే మిగిలాడు, అదీ మూలన. ఆమెకు రాజు, మంత్రి, ఒక బంటు. ఒంటరి రాజుతో ఇక నేను గెలవడమనేది ఉండదు. ఆమెకు ఓడిపోయే దారి లేదు. నేను గెలిచినట్టే, అంటే ఓడినట్టే. హాయిగా వెనక్కి ఆనుకున్నాను.

"ఇంకొక్క రెండు ఎత్తులు బిడ్డా, ఆట కట్టు" అన్నాడు కాకా ఉషారుగా.

ప్రమీల చాలాసేపు బల్లనే చూసింది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో ఏదో కొంటెతనం. మంత్రిని తీసి, నా రాజుకు గుర్రం అడుగు దూరంలో, నెమ్మదిగా పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది.

నా రాజుకు చెక్ లేదు. కదలడానికి ఒక్క గడి కూడా లేదు. ఆడటానికి వేరే బంటూ లేదు. స్టేల్‌మేట్. ఆట డ్రా.

"ఆగమాగం చేసినవ్ గదా బిడ్డా!" కాకా స్టూలు మీద నుంచి లేచిపోయాడు. "ఏడాది సంది నేర్సుకున్నది గిదేనా మీరిద్దరు? థూ!"

ఇద్దరం వరండాలోకి వచ్చాం. చూరు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"కావాలనే చేసినవ్ గదా?" అన్నాను.

"నువ్వు మంత్రిని తెచ్చి నా రాజు ఒళ్లో కూర్చోబెట్టలేదూ?" అంది. "నిన్నొక్కణ్నే పంపి నేను ఇంట్లో ఎట్లా కూర్చుంటాను, చెప్పు? నీకేమైనా అయితే?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఈసారి ఎవరు చూసినా లెక్క చేయలేదు.

"మరి డ్రా అయితే ఎవలు చెప్పాలె?"

"ఇద్దరం" అంది ప్రమీల. "పద, బస్సుంది."

కారేపల్లిలో దిగేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. వెంకటరామారావు గారు వసారాలో మంచం మీద కూర్చుని తమలపాకులకు సున్నం రాసుకుంటున్నారు. పక్కనే చదరంగం బల్ల.

"ఏంటే, ఇంత జల్దీ వచ్చావు? ఈ అబ్బాయెవరు?"

"సదానందం నాన్నా. నాతో ఆడతాడని చెప్తుంటానే."

"ఓహో, ల్యాంప్‌రూమ్ అబ్బాయా! రావయ్యా, కూర్చో. పద్మా, టీ పెట్టవే!"

మేం కూర్చోలేదు. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, మళ్లీ ఒకేసారి చెప్పాం. నాది ఒక యాస, ఆమెది ఒక యాస. అర్థం మాత్రం ఒకటే. మేం పెళ్లి చేసుకుంటాం, సత్తుపల్లి వాళ్లు వద్దు.

తమలపాకుల పళ్లెం గిర్రున తిరుగుతూ వాకిట్లో వానలో పడింది. లోపలి నుంచి వచ్చిన ప్రమీల వాళ్లమ్మ పద్మావతమ్మ గారు పళ్లెం వంక చూసి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఆవిడకు అలవాటే అని తర్వాత తెలిసింది.

"నేను మాటిచ్చానే! గురువారం వాళ్లొస్తుంటే ఇప్పుడా చెప్పేది? మనవాళ్లు ఏమనుకుంటారు? ఊరేమంటుంది?" ఆయన మంచం దిగి అటూ ఇటూ తిరిగారు. నా ముందు ఆగారు. "మీ నాన్న ఏం చేస్తాడు?"

"గనిల బొగ్గు కొట్టిండు సార్. ఇప్పుడు రిటైర్ అయిండు."

"ఊఁ. ధైర్యానికేం తక్కువ లేదు. అయినా ఈ కబురు చెప్పడానికి ఇద్దరెందుకు? ఒకళ్లు చాలరా?"

ప్రమీల తల దించుకుంది. "ఓడినవాళ్లు నీకు చెప్పాలని ఆట పెట్టుకున్నాం. అది డ్రా అయింది."

ఆయన కదలడం మానేశారు.

"ఓడినవాళ్లా? అంటే, నాకు చెప్పడం ఓడినవాళ్లకు శిక్షన్నమాట."

ప్రమీల తడిసిన జడ కొస వేలికి చుట్టుకుంది.

"అబద్ధమా మరి?" అన్నారు పద్మావతమ్మ గారు గుమ్మం దగ్గర నుంచి. "ఆ పళ్లెం ఎక్కడుందో చూడండి."

ఆయన పళ్లెం చూశారు. మంచం మీద కూలబడ్డారు. చదరంగం బల్ల ముందుకు లాగారు.

"ఏదీ, ఆ ఆట పెట్టు చూద్దాం."

ప్రమీలకు ఏ ఆటైనా మొదటి నుంచి చివరి దాకా గుర్తుంటుంది. ఒక్కొక్క ఎత్తే పెడుతూ వచ్చింది. నా మంత్రి ఆమె బంటు కొట్టే గడిలోకి రాగానే ఆయన మొహం చిట్లించారు.

"ఇదేం ఆట? కొట్టొచ్చుగా! ఎందుకు కొట్టలేదు?"

ఆమె తర్వాతి ఎత్తు పెట్టింది.

"ఈ ఏనుగు ఊరికే పోతోందిగా! ఏవయ్యా, నీకు కళ్లు లేవా? ఛీ ఛీ, ఇంత దరిద్రపు ఆట నా జన్మలో చూడలేదు. నేను నీకు నేర్పింది ఇదేనటే? ఏనుగును ఎవరైనా..."

మధ్యలో ఆగిపోయారు. నా మంత్రిని వేళ్లతో పట్టుకుని దాని వంకే చూశారు. వెనక్కి వెళ్లి రెండు ఎత్తులు మళ్లీ పెట్టుకుని చూశారు. చదరంగం రానివాళ్లకు ఆ ఆటలో ఏమీ కనబడదు. ఆయనకు వచ్చు కదా!

"మంత్రిని కొడితే గెలిచేదానివి" అన్నారు కూతురితో, గొంతు తగ్గించి.

"గెలిస్తే అతను ఒక్కడే నీ ముందుకు రావాలి నాన్నా."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు?"

"నేను గెలిస్తే ప్రమీల ఒక్కతే మీతోని మాటలు పడాలె సార్. గది నాకు ఇష్టం లేకుండె."

ఆయన కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. అద్దాలకు ఏమీ అంటుకోలేదు. చివరి ఎత్తు పెట్టమన్నారు. ప్రమీల నల్ల మంత్రిని పెట్టింది. మూలన నా తెల్ల రాజు, కదలడానికి దారి లేకుండా.

"దీన్ని డ్రా అంటారా మీ క్లబ్బులో?"

"అవ్ సార్."

"మా ఊరి ఆటలో ఇది చెల్లదు. చెక్ చెప్పకుండా రాజుకు అన్ని దారులూ మూసేస్తే అది ఆట కాదు. మూసినవాడు ఎత్తు వెనక్కి తీసుకుని దారి వదలాలి. ఏంటే, నీకు తెలీదూ? తియ్యి మంత్రిని."

ప్రమీల మంత్రిని తీయలేదు. ఏడుస్తూనే ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"నేను తియ్యను. నువ్వు తీసుకో నాన్నా. గురువారం రమ్మన్నావే, ఆ మాట వెనక్కి తీసుకో."

పద్మావతమ్మ గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నేను ఆటలో ఎప్పుడూ ఎత్తు వెనక్కి తీసుకోలేదు పద్మా" అన్నారు ఆయన, భార్య వైపు చూడకుండానే.

"తెలుసు. అందుకే ఇంట్లో మీతో ఎవరూ ఆడటం లేదు" అన్నారు ఆవిడ.

ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశారు గానీ మీసాల కింద నుంచి బయటపడింది. లేచి వానలోకి వెళ్లి, పళ్లెం తీసుకుని, తడిసిన తలతో తిరిగొచ్చారు.

"రేపు పొద్దున మొదటి బస్సుకు నేనే సత్తుపల్లి పోయి చెప్పొస్తా. నాలుగు మాటలంటారు, పడతా. ఏవయ్యా, వచ్చే ఆదివారం మీ నాన్నను తీసుకురా."

"మా నాయినకు చదరంగం రాదు సార్."

"చదరంగానికి కాదయ్యా బాబూ! పిల్లనడగడానికి!"

పద్మావతమ్మ గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ టీ తేవడానికి లోపలికి పోయారు. నాకు నిలబడాలో, ఆయన కాళ్లకు మొక్కాలో, ఎగిరి గంతెయ్యాలో తెలియలేదు. ఆయన మాత్రం బల్ల మీద పావులు మళ్లీ సర్దుతున్నారు.

"ముందు నువ్వు కూర్చో. నాతో ఒక ఆట ఆడు. ఓడిపోవాలని ఆడావో, చెప్తున్నా, మర్యాద దక్కదు."

కూర్చున్నాను. ప్రమీల కళ్లు తుడుచుకుని వచ్చి, వాళ్ల నాన్న పక్కన కాకుండా నా పక్కన కూర్చుంది. ఆయన చూశారు. తన బంటును ముందుకు జరిపారు.